యురేనియం పట్టిన దూది

ప్రత్తిపాడులో దూది ఏకే రంజాన్ కూతురు నజ్మీన్ యూనివర్సిటీలో యురేనియం మీద పరిశోధన చేస్తోందన్న సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసినవాళ్లలో సగంమంది ఆ పిల్ల బాంబులు చేస్తోందనుకుంటారు. తక్కిన సగంమంది కరెంటు తయారుచేస్తోందనుకుంటారు. రెండూ కావు మొర్రో అని నజ్మీన్ మొదట్లో నోరు నొప్పి పుట్టేలా చెప్పేది. ఇప్పుడు మానేసింది. టీ కొట్టు దగ్గర ఎవరైనా "ఏమ్మా, మన ఊరి మీద వెయ్యవు కదా?" అని అడిగితే, "ఇదే మాట ఇంకోసారి అడుగు బాబాయ్, అప్పుడు చూద్దాం" అని నవ్వేసి వెళ్లిపోతుంది.

ఆ పిల్ల చేసే పనేమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత జరిగిన గొడవ తలకెక్కదు. కొన్ని పదార్థాలుంటాయి. తాము ఖర్చయిపోకుండా పక్కవాళ్ల చేత పని చేయిస్తాయి. వాటిని ఉత్ప్రేరకాలు అంటారు. యురేనియం సమ్మేళనాలు ఆ పనికి ఎంతవరకు పనికొస్తాయన్నది నజ్మీన్ తేల్చుకోవాలనుకున్న విషయం. ఇది విన్నప్పుడు రంజాన్ గడ్డం గోక్కుని, "అంటే మన మిషన్ లాంటిదన్నమాట. దూదిని విప్పుద్ది గానీ తను దిండులోకి పోదు" అన్నాడు. నూరేళ్ల పైచిలుకు కిందట గాలిలోంచి అమ్మోనియా తీయడానికి జర్మనీలో పరీక్షించి చూసిన లోహాల్లో యురేనియం కూడా ఉందనీ, అది బాగానే పనిచేసినా చివరికి చవగ్గా దొరికే ఇనుమే గెలిచిందనీ కూతురు చెప్తే, "ఓసినీ, యూరియా బస్తా వెనకాల ఇంత కథ ఉందా" అని ఆశ్చర్యపోయి, ఆ రోజంతా కనిపించిన ప్రతి రైతుకీ చెప్పాడు. వాళ్లేం విన్నారో, ఏం అర్థం చేసుకున్నారో మాత్రం అడక్కండి.

నజ్మీన్ వాడేది యురేనిల్ అనే రకం. నడుమ యురేనియం, అటొకటి ఇటొకటి ఆక్సిజన్, కావడిబద్దలా తిన్నగా ఉంటుంది. ఎండ తగిలేదాకా బుద్ధిగా కూర్చుంటుంది. తగిలిందా, ఇక ఆగదు. పక్కనున్న స్పిరిట్‌లోంచి హైడ్రోజన్ పీకేస్తుంది. స్పిరిట్ కాస్తా వేరే సరుకైపోతుంది. ఆ ఊపులో యురేనిల్ కూడా తన రూపం మార్చుకుంటుంది. గాలిలోని ఆక్సిజన్ వచ్చి దాన్ని మళ్లీ మునుపటిలా చేస్తేనే రెండోసారి పనికి దిగుతుంది. చీకట్లో పెట్టి నీలిదీపం వేస్తే లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపు మొదటిసారి చూసిన రోజు నజ్మీన్ హాస్టల్లో అన్నం తినడం మర్చిపోయింది. అంత ఇష్టం దానికి ఆ రంగంటే.

ఇది బాంబుల్లోకి పనికొచ్చే పస తీసేసిన యురేనియం. గదిలో ఉన్నంతమాత్రాన మనుషుల్ని మాడ్చేసేది కాదు. అలాగని ముద్దు పెట్టుకునేదీ కాదు. కడుపులోకి పోతే మూత్రపిండాలకు చెరుపు. పొడిగా ఊపిరిలోకి పోతే మరీ చెరుపు. అందుకే దాన్ని ఉత్తినే ద్రావణంలో కలిపేస్తే లాభం లేదు, పని అయ్యాక చుక్క మిగలకుండా వెనక్కి తీసుకోవాలి. దేనికైనా అంటించి ముంచితే, మళ్లీ పైకి తీసేయొచ్చు. దేనికి అంటించాలి అని గైడ్ కోటేశ్వరి మేడం అడిగినప్పుడు దూది ఏకేవాడి కూతురు ఏం చెబుతుంది? దూదికి అంది.

మందుల షాపులో దూది కొని, ఫాస్ఫేట్ పట్టించి, రెండు వాటాలు చేసింది. ఒక వాటాకి యురేనిల్ ఎక్కించింది, కంటికి తేడా తెలియనంత కొద్దిగా. రెండోదాన్ని ఉత్తగా ఉంచింది. రెంటినీ ఒకేలాంటి కవర్లలో పెట్టింది, పైన పేరు రాయలేదు. అయితే మందుల షాపు దూది చాపలా అణిగి ఉంటుంది, ఎండ పైపొరకే తగులుతుంది. ఉత్త దూదిని నాన్న మిషన్‌లో ఏకించి, నురగలా విడిపోయాక దానికి యురేనిల్ ఎక్కిస్తే ఎలా ఉంటుందోనన్న ఆశ పుట్టింది. "ఉత్తదే పట్టుకెళ్లాలి సుమా" అని మేడం గట్టిగా చెప్పింది. నజ్మీన్ ఉత్తదే తీసుకుని ఆదివారం ఇంటికొచ్చి, నాన్నకిచ్చి, సాయంత్రం బస్సుకి తిరిగి గుంటూరు వెళ్లిపోయింది.

ఇక్కడ జోహరాబీ గురించి చెప్పాలి. రంజాన్ భార్య, నజ్మీన్ తల్లి. వాళ్లింట్లో అత్తగారి నాటినుంచి ఒక పద్ధతుంది. ఎవరి దూది ఏకినా, వాళ్లతో చెప్పి, అందులోంచి ఒక పిడికెడు పక్కకి తీస్తారు. అలా పోగైన దూదితో ఊళ్లో పురుడు పోసుకున్న ఇంటికి చంటిబిడ్డ దిండు కుట్టి ఇస్తారు. ఏ కులమని అడగరు, ఏ మతమని అడగరు. ఆ దిండు మీద పడుకోని పిల్లలు ఆ వీధిలో తక్కువ. ఇప్పుడు కాళ్లకి బూట్లేసుకుని కాలేజీలకి పోయే మొనగాళ్లంతా ఒకప్పుడు దాన్ని తడిపినవాళ్లే.

బుధవారం జోహరాబీ కూతురికి ఫోన్ చేసింది. గొంతులో ఆనందం ఆగడం లేదు.

"నీ దూది ఏకేశాం. మీ నాన్న శుక్రవారం బస్సులో పార్సిల్ వేస్తానన్నాడు. అందులోంచి కూడా పిడికెడు తీశానే."

"నా దాంట్లోంచి కూడానా?"

"ఏం, నువ్వు పరాయిదానివా? ఎలీసమ్మ కూతురు శాంతికి ఆడపిల్ల పుట్టిందిగా, దానికి దిండు కుట్టా. సరిగ్గా తల ఆనే చోట, పైన, నీ దూదే పెట్టా. యూనివర్సిటీ దూది మీద పడుకున్న పిల్ల యూనివర్సిటీకి పోవద్దూ?"

నజ్మీన్ నవ్వింది. నవ్విందే గానీ, ఫోన్ పెట్టేశాక కళ్లు తుడుచుకుంది. యురేనియం పేరు వింటేనే దూరంగా జరిగే తల్లి, తన దూదిని పసిబిడ్డ తలకింద పెట్టిందంటే మాటలా!

శుక్రవారం మధ్యాహ్నం నజ్మీన్ ప్రయోగానికి కూర్చుంది. యురేనిల్ ఎక్కించిన వాటా ఉన్న కవర్ విప్పి, దూది కాస్త తీసి, చీకటిపెట్టెలో నీలిదీపం వేసింది. పచ్చటి మెరుపు రాలేదు. దీపం పాడైందేమోనని పక్కనున్న యురేనిల్ సీసాకి చూపించింది. సీసా నిక్షేపంలా మెరిసింది. దూది వంక తిప్పింది. ఏమీ లేదు. అడుగునుంచి ఇంకో చోట తీసి చూసింది. అదీ అంతే.

ముందు దానికి విసుగొచ్చింది. తర్వాత ఇంకో అనుమానం తగిలింది. ఈ కవర్లో ఉన్నది ఉత్త దూది అయితే, మరి ఇంటికి పట్టుకెళ్లిందేది?

ఆదివారం పొద్దున బస్సు టైమైపోతోందన్న కంగారులో బీరువాలోంచి తీసిన కవర్ ఏదో గుర్తు తెచ్చుకోబోయింది. ఎడమవైపుదా, కుడివైపుదా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. నాన్న మూతికి తువాలు చుట్టుకునే ఏకుతాడు, ఆయన సంగతి తర్వాత. ముందు ఆ పాప! బొడ్డు కూడా సరిగా ఆరని పిల్ల, ముక్కు దూదికి ఆనించి నిద్రపోయే పిల్ల. మేడం ఏదో మీటింగులో ఉంది. నజ్మీన్ కవర్ని అలాగే బల్ల మీద వదిలేసి, చేతిలో ఇమిడే నీలిదీపం బ్యాగులో పడేసుకుని, మెట్లు దిగుతూనే తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, శాంతి పాప దిండు తీయించు."

"ఎందుకే?"

"తీయించమ్మా, వచ్చి చెప్తా."

"ఇచ్చిన దిండు ఎట్టా తీసుకోమంటావే? మా అత్త కాలంనుంచి ఇచ్చింది వెనక్కి తెచ్చుకున్నది లేదు. మొహం ఎట్టా చూపించను?"

"దూది మారిపోయిందేమోనమ్మా. నేను తెచ్చింది ఉత్త దూది కాదేమో."

"కాదేమోనా, కాదా?" అంది జోహరాబీ.

"తెలీదు."

"తెలీదంటే ఎట్టానే? చదివింది నువ్వా, నేనా? పాపకేమన్నా అవుద్దా?"

"రెండ్రోజులకే ఏం కాదనుకుంటా. కానీ ఇంక ఒక్క నిమిషం కూడా దాని మీద పడుకోకూడదు. పార్సిల్ ఆపండి."

"పార్సిల్ పొద్దున్నే వేసేశాడు. ఇప్పుడు నమాజుకెళ్లాడు, ఫోన్ తియ్యడు." జోహరాబీ ఊపిరి గట్టిగా వినిపించింది. "సరే. నువ్వు బస్సెక్కు. నువ్వొచ్చేదాకా పాప తల ఆ దిండు మీద ఆననివ్వను. కానీ ఆ ముక్క మాత్రం నా నోటితో చెప్పను. నువ్వే వచ్చి చెప్పు."

మిరపకాయల సీజన్లో గుంటూరు దాటి బయటపడడమంటే మాటలు కాదు. టిక్కీలని పిలిచే మిరప బస్తాలు నింపుకున్న లారీలు రోడ్డంతా ఆక్రమించేశాయి. కిటికీలోంచి ఘాటు కొట్టి బస్సు బస్సంతా తుమ్ముతోంది. పక్కసీటు పెద్దావిడ "ఏడవకమ్మా, ఏమైంది?" అంది. "ఏడవట్లేదండీ, మిరపఘాటు" అంది నజ్మీన్. ఏడుస్తూనే అంది. పొలాల్లో ఎర్రటి కల్లాలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. మామూలుగా అయితే ఆ దారిలో పోతూ ఆ ఎరుపు చూస్తే దానికి ప్రాణం లేచొస్తుంది. ఇవాళ ఒక్కటీ కంటికి ఆనలేదు.

ఎలీసమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలి. కూతురు పురిటికి వచ్చిందని పని మానేసి ఇంట్లోనే ఉంది. నజ్మీన్ వాళ్ల గుమ్మంలోకి వెళ్లేసరికి, లోపల జోహరాబీ చాపమీద కాళ్లు చాపుకుని, పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్లు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి. దిండు ఉయ్యాలలో ఒంటరిగా ఉంది.

"రావే రా, మీ అమ్మకి ఏదో అయ్యింది!" అంది ఎలీసమ్మ. "మధ్యాహ్నం ఒచ్చి బిడ్డనెత్తుకుంది, ఇప్పటిదాకా దించలా. చీర తడిసింది, ఆరింది, మళ్లీ తడిసింది. ఉయ్యాల్లో ఏద్దాం అక్కా అంటే 'మనవరాలి మీద నా మనసు తీరలేదు' అంటది. టీ ఇస్తే బిడ్డ మీద ఒలుకుద్దంటది. పాలకి కూడా శాంతి చేతికి ఇచ్చి, తాగేదాకా కాపలా కూర్చుని మళ్లీ లాక్కుంది."

శాంతి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అది నవ్వలేదు. నజ్మీన్ మొహం చూసి, "ఏంటక్కా?" అంది.

జోహరాబీ కూతురివైపు చూసింది. చెప్పు అని కళ్లతోనే అంది.

నజ్మీన్ చెప్పులు విప్పి, నేలమీద కూర్చుని చెప్పింది. రెండు కవర్లు ఉన్నాయనీ, ఒకదాంట్లో యురేనియం పట్టించిందనీ, ఇంటికి తెచ్చింది ఏదో తనకిప్పుడు తెలియడంలేదనీ, ఆ దూదిలోని పిడికెడే దిండు పైపొరలో ఉందనీ మొత్తం చెప్పింది. ఇది బాంబు కాదు, పేలదు, కానీ పసిపిల్ల ముక్కు దగ్గర ఉండకూడదు అంది. "తప్పు నాది. అమ్మకేం తెలీదు" అంది.

ఎలీసమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "యేసయ్యా! నా మనవరాలి తలకింద బాంబు దూదా! నీకు కళ్లు నెత్తికెక్కాయా నజ్మీనూ! మేమేం పాపం చేశాం మీకు?" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచింది. నజ్మీన్ తలొంచుకుంది. ఆ తిట్లు దానికి హాయిగా ఉన్నాయి, నిజం. ఎవరో ఒకరు తిట్టకపోతే తట్టుకోలేకపోయేది. శాంతి మాత్రం లేచి వచ్చి, జోహరాబీ ఒళ్లోంచి పాపని తీసుకుని, దూరంగా వెళ్లి కూర్చుంది. జోహరాబీ చేతులు కాసేపు ఖాళీగా గాలిలోనే ఉన్నాయి.

"చీకటి కావాలి" అంది నజ్మీన్, బ్యాగులోంచి దీపం తీసి. "ఈ దీపం వేస్తే యురేనియం పచ్చగా మెరుస్తుంది. చూద్దాం."

ఎండ ఇంకా దిగలేదు. రేకుల ఇల్లు, నాలుగు వైపులా సందులే. చీకటెక్కడిది? చివరికి ఎలీసమ్మ పెట్టె మీదనుంచి బొంత దించింది. జోహరాబీ చేత్తో కుట్టిన బొంతే అది, ఎంత మందమంటే కప్పుకుంటే మనిషి కనపడదు. నజ్మీన్ ముక్కుకి చున్నీ బిగించి, దిండు పట్టుకుని బొంత కిందకి దూరింది. "నేనూ చూస్తా" అని శాంతి పాపని తల్లికిచ్చి, మూతికి పైట కట్టుకుని పక్కకి దూరింది.

దీపం వేయగానే దిండు గలీబు నీలంగా భగ్గుమంది. శాంతి కెవ్వుమంది. బయటనుంచి ఎలీసమ్మ "పేలిందా?" అని అరిచింది.

"అది సబ్బు!" అని నజ్మీన్ లోపల్నుంచి కేకేసింది. "బట్టల సబ్బులో తెలుపుకని కలుపుతారు, అది నీలంగా వెలుగుతుంది. శాంతీ, నీ జాకెట్ చూడు." శాంతి జాకెట్ కూడా నీలంగానే వెలుగుతోంది. శాంతి తన భుజం తనే తాకి చూసుకుంది.

గలీబు తీసి, జోహరాబీ బయటనుంచి అందించిన బ్లేడుతో కుట్టు విప్పి, పైపొర దూదిని మెల్లగా విడదీశారు. ఎంత బాగా ఏకాడు నాన్న! పోగుకి పోగు అంటకుండా విచ్చుకుంది. నజ్మీన్ అంగుళం అంగుళం దీపం తిప్పింది. నీలం తప్ప ఇంకేం లేదు. అడుగుదాకా వెతికింది. పచ్చదనం అన్నది లేదు.

"లేదు కదా అక్కా?" అంది శాంతి, చెవి దగ్గర.

"మెరవట్లేదు" అంది నజ్మీన్.

బొంత పైకి లేపారు. సంగతి వినగానే జోహరాబీ "యా అల్లా" అని గోడకి చేరగిలబడింది. ఎలీసమ్మ "స్తోత్రం, స్తోత్రం" అని పాప నుదురు ముద్దు పెట్టుకుంది. ఇక నవ్వులు మొదలవ్వాల్సిన చోటు అది. నజ్మీన్ కూడా నవ్వేయొచ్చు. ఎవరు కాదంటారు? కానీ దానికి ఒక ఆలోచన ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. లేబరేటరీలో ఉన్న దూదీ మెరవలేదు, ఇదీ మెరవలేదు. రెంటిలో ఒకదాంట్లో యురేనియం ఉండితీరాలి. స్వయంగా తన చేతులతో ఎక్కించింది. అంటే, ఉండి కూడా మెరవకుండా ఉండే దారి ఏదో ఒకటుంది. అది ఈ దిండుకి మాత్రం ఎందుకు వర్తించకూడదు?

"ఆగండి" అంది. "లేదని ఇప్పుడే చెప్పలేను."

జోహరాబీ కూతురి తొడ మీద గట్టిగా గిల్లింది. "లేదని చెప్పెయ్యవే. చూశావుగా" అని పళ్ల మధ్యనుంచి గొణిగింది.

"చూశానమ్మా. కానీ అక్కడ ఉన్నది కూడా మెరవలేదు. ఎందుకో తేలేదాకా లేదనలేను."

"అయితే ఉన్నట్టా, లేనట్టా?" అంది శాంతి. గొంతు గట్టిగానే ఉంది.

"తెలీదు శాంతీ. ఈ దిండు పట్టుకెళ్లి వేరే పరీక్ష చేస్తా. అప్పటిదాకా వద్దు."

"తెలీదు, తెలీదు!" ఎలీసమ్మకి మళ్లీ ఒళ్లు మండింది. "ఇన్నేళ్లు చదివి నేర్చుకున్నది ఈ ఒక్క ముక్కేనా?" జోహరాబీ తలొంచుకుని, విప్పిన దూదిని ఒళ్లోకి తీసుకుని నిమురుతూ కూర్చుంది. ఇచ్చినదాన్ని వెనక్కి పట్టుకెళ్లాల్సి వస్తోంది. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి నజ్మీన్‌కి తన మీద తనకే అసహ్యమేసింది. అయినా మాట మార్చలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. కోటేశ్వరి మేడం. నజ్మీన్ అందరికీ వినపడేలా స్పీకర్‌లో పెట్టింది. తనకి పడబోయే తిట్లు కూడా వీళ్లు వినాలి, న్యాయమే అనుకుంది.

"ఎక్కడికి పారిపోయావమ్మా? యురేనియం కవర్ బల్ల మీద బార్లా తెరిచిపెట్టి వెళ్లమని ఎవరు నేర్పారు నీకు?"

"మేడం, అది ఉత్త దూదండి, మెరవలేదు, నేను పొరపాటున..."

"మెరవకపోవడమేంటి? ఇప్పుడు సర్దబోతూ దీపం వేశాను. అంచులన్నీ పచ్చగా మెరుస్తున్నాయి."

నజ్మీన్ ఫోన్‌ని ముఖానికి దగ్గరగా లాక్కుంది.

"వింటున్నావా? నువ్వు దాన్ని చివరిసారి స్పిరిట్‌తో కడిగావు. ఆరబెట్టావా?"

"లేదండి."

"కవర్ ఎలా కట్టావు?"

నజ్మీన్‌కి అప్పుడు వెలిగింది. దూది ఏకేవాళ్లింట్లో పుట్టిన పిల్లకి నడక కంటే ముందు వచ్చే విద్య ఒకటుంది. ఏకిన దూదికి గాలి తగిలితే తేమ పట్టి ఉండ కడుతుంది, అందుకని సంచి మీద మోకాలు పెట్టి ఉన్న గాలంతా పిండేసి, మెడ మెలిపెట్టి ముడేయడం. వాళ్లమ్మ చేస్తుంది, నానమ్మ చేసింది. లేబరేటరీలో కూడా దాని చేతులు అదే చేశాయి. మోకాలు పెట్టకపోయినా, మోచేయి పెట్టింది.

"గాలి లేకుండా పిండి కట్టాను మేడం" అంది. "కట్టి... సోమవారం బయటికి తీసి, రోజంతా కిటికీ గట్టు మీద ఉంచి, మళ్లీ బీరువాలో పెట్టాను."

"ఎండలో! భేష్. స్పిరిట్ ఉంది, ఎండ ఉంది, అది తన పని తాను చేసుకుపోయింది. కానీ మళ్లీ మామూలు రూపానికి రావడానికి గాలి ఏది? వేరే రూపంలోనే ఇరుక్కుపోయింది. అందుకే మెరవలేదు. నువ్వు తెరిచి పారిపోయావు కాబట్టి గాలి తగిలి అంచులనుంచి తిరిగొస్తోంది. ఇంకో మాట. మీ నాన్నగారి పార్సిల్ వచ్చింది. విప్పి, బాగా గాలికి పెట్టి మరీ చూశాను. అందులో మచ్చుకైనా లేదు. ఉత్తది ఉత్తగానే ఉంది. సోమవారం వచ్చి జాగ్రత్తల పాఠం మొదటినుంచీ నాకు అప్పజెప్పాలి. అర్థమైందా?"

"అర్థమైందండి" అంది నజ్మీన్. ఫోన్ పెట్టేసి, అక్కడే నేల మీద కూర్చుని భోరుమని ఏడ్చింది. ఈసారి మిరపఘాటు అనలేదు.

"ఏమంది ఆమె? నాకు సగమే ఎక్కింది" అంది ఎలీసమ్మ.

"కవర్లు మారలేదు పిన్నీ. మన దిండులో ఏమీ లేదు. అక్కడున్నదే, ఊపిరాడక మెరవడం మానేసింది."

"ఊపిరా? దానికీ ఊపిరుందా?"

"ఉన్నట్టే అనుకో."

ఎలీసమ్మ జోహరాబీ ఒళ్లోని దూది వంక చూసింది. "ఆ మేడం కళ్లారా చూసిందా?" అని అడిగింది. చూసిందంది నజ్మీన్. "అయితే కుట్టు అక్కా" అంది జోహరాబీతో. జోహరాబీ చీరకొంగుతో కళ్లు తుడుచుకుని, జడలోంచి సూది తీసి, దూది సర్ది, ఉన్నపళంగా కుట్టేసింది. ఆ కుట్టు చూడాలి మీరు, మునుపటికంటే దగ్గరగా, ముత్యాల్లా వేసింది.

"ఇటియ్యి" అని ఎలీసమ్మ దిండు లాక్కుంది. "మేడం చెప్పినా, సైన్సు చెప్పినా, ముందు నా తల పెడతా. ఏదన్నా అయితే నాకే అవ్వాల." చాపమీద పక్కకి తిరిగి పడుకుని, ఆ చంటి దిండు మీద చెవి ఆనించి, కళ్లు మూసుకుంది. దిండు ఆమె బుగ్గకి కూడా సరిపోలేదు. ముగ్గురూ గుడ్లప్పగించి చూస్తున్నారు. నజ్మీన్ "పిన్నీ, అలా తెలిసేది కాదు" అని చెప్పబోయింది గానీ, జోహరాబీ నోటిమీద వేలు పెట్టింది.

కొద్దిసేపటికి ఎలీసమ్మ నోరు కాస్త తెరుచుకుంది. ఆ వెనకే గురక మొదలైంది. పొద్దుటినుంచి బిడ్డతో, అరుపులతో అలిసిపోయిన మనిషి, మెత్తటి దూది తగిలేసరికి అన్నీ మర్చిపోయి ఎంచక్కా నిద్రపోయింది. శాంతి నవ్వాపుకోలేకపోయింది. జోహరాబీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంట్లో మధ్యాహ్నంనుంచి పట్టుకున్న బిగువంతా ఆ గురకతో వదిలిపోయింది.

శాంతి లేచి, పాపని భుజాన వేసుకుని, వంగి తల్లి తలని ఒక చేత్తో మెల్లగా ఎత్తింది. మడతపెట్టిన పాత చీర కిందకి తోసి, దిండు బయటకి లాగింది. ఎలీసమ్మ లేవలేదు. శాంతి దిండుని రెండుసార్లు తట్టి ఉయ్యాలలో పెట్టింది.

"కొత్తది కుట్టి ఇస్తానే, వేరే దూదితో" అంది జోహరాబీ గబుక్కున. "నీకు అనుమానంగా ఉంటే అది వెయ్యొద్దు. నేనేం అనుకోను, ఒట్టు."

శాంతి ఆమె వంక చూడలేదు. నజ్మీన్ వంక చూసింది.

"ఇందాక మెరవనప్పుడు నువ్వు లేదని చెప్పేసుంటే, తలూపి, మీరెళ్లగానే దీన్ని పొయ్యిలో పెట్టేదాన్నక్కా. మీ అమ్మ గిల్లినా, మా అమ్మ తిట్టినా తెలీదనే అన్నావు. ఇప్పుడు లేదంటున్నావు కదా?"

"లేదు" అంది నజ్మీన్.

"చాలు" అని శాంతి పాపని ఉయ్యాలలో పడుకోబెట్టింది. పాప మొహం చిట్లించి, తల అటూ ఇటూ తిప్పి, బుగ్గని పైపొర దూదికి ఆనించి నిద్రపోయింది. శాంతి ఉయ్యాల తాడుని నజ్మీన్ చేతికిచ్చి, అందరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.